సంధి కుదిరితే లోకాంతం

నిన్న ఫోన్‌లో ఇద్దరు దేశాధినేతలు చేతులు కలిపిన ఫొటో కనిపించింది. మా చర్చి గ్రూపులో ఎవరో దాని కింద 'అంత్యదినాలు' అని రాసేశారు. నాకు మాత్రం మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

రాజంపేట దగ్గర మా ఊళ్ళో నాన్నకూ పెదనాన్నకూ కలిపి ఒకటే బోరు. అరటితోటకు ఎవరు ముందు నీళ్ళు పెట్టుకోవాలనే దగ్గర గొడవ మొదలై, నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా అమ్మా పెద్దమ్మా మాట్లాడుకోలేదు. ఇలాగైతే ఇద్దరికీ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇవ్వనని పాస్టరయ్య పట్టుబట్టి, ఒక శనివారం వాళ్ళను మా వసారాలో కూర్చోబెట్టాడు.

రాజులు శాంతి ఒప్పందం చేసుకోగానే నాశనం వస్తుందని అంతకుముందు ఆదివారం ప్రవచనాలు విప్పి చెప్పింది కూడా ఆయనే. ఏడేళ్ళదాన్ని, ఏ రాజులు అని అడగలేదు. అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చాను.

"పెద్దమ్మతో కలవద్దు మా. లోకం అయిపోతాది."

పాస్టరయ్య బైబిలు మూసేశాడు. పెద్దమ్మ అమ్మవైపు తిరిగింది.

"ఏం చెప్పినావు మే దీనికి?"

"నేనేం చెప్పలేదక్కా. అయ్యగారే చెప్పినారు."

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ప్రార్థన ఇంకా మొదలే కాలేదు.

"లోకం అయిపోయేదాకా అన్నం తినల్ల గదా, రా," అని పెద్దమ్మ నన్ను వాళ్ళింటికి ఎత్తుకెళ్ళింది.

దేశాల ఒప్పందాలు ఎన్నాళ్ళుంటాయో నేను చెప్పలేను. ఆ రోజు నుంచి మాత్రం పెద్దమ్మ చేతి అన్నంతోనే పెరిగాను. ఆ శాంతికి నేనెంత కృతజ్ఞురాలినో మా అమ్మ వంట తిన్నవాళ్ళకే తెలుస్తుంది.