హెల్మెట్ పెట్టుకుని నడిచే గుండయ్య

మా గుండయ్య పెట్రోలు ఖర్చుకు జడిసి మోటర్ సైకిల్‌ను తోసుకుంటూ తిరుగుతాడని జహీరాబాద్‌లో ఒక పుకారు ఉంది. కూరగాయల మార్కెట్లో పుట్టి, బస్టాండు దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కి ఝరాసంగం కూడా చేరింది. అది పచ్చి అబద్ధం. ఆ బండి ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. నాకెలా తెలుసంటారా? చెవి పెట్టి విన్నాను.

నవ్వకండి. ఒకరోజు గుండయ్య కిరాణా దుకాణం ముందు బండి నిలబెట్టి లోపల ఉప్పు కొంటున్నాడు. ఆ పుకారు అప్పటికే నా కడుపులో అరగకుండా తిరుగుతోంది. చుట్టూ చూసి, బండిని కాస్త ఊపి, ట్యాంకుకు చెవి ఆనించాను. నిండు కుండ తొణకదని మా అమ్మ చెప్పిన మాట ఇన్నేళ్లకు పనికొచ్చింది. తల ఎత్తేసరికి ఎదురుగా హెల్మెట్.

"ఏమైందక్కా, బండికి జరమొచ్చిందా?"

"ఏం లేదు తమ్మీ. ట్యాంకు సల్లగ ఉంటదని చెంప ఆనిచ్చిన."

అది మే నెల, మిట్టమధ్యాహ్నం. నా చెంప అప్పటికే రొట్టెలా కాలింది.

గుండయ్య వింత అదొక్కటే. నల్లగా తళతళలాడే బండి ఉంది, దాన్ని ఎక్కడు. పాలకు పోయినా, మార్కెట్‌కు పోయినా, ఆదివారం చర్చికి పోయినా, హ్యాండిల్ పట్టుకుని పక్కన నడుస్తాడు. నడిచేటప్పుడు హెల్మెట్ పెట్టుకుంటాడు. గడ్డం కింద పట్టీ కూడా బిగిస్తాడు. నడపడం రాదేమో అనుకునేరు. జహీరాబాద్ నుంచి బీదర్‌కు ఆర్టీసీ బస్సు తోలి తోలి రిటైరైన డ్రైవరు ఆయన. ఆ అలవాటు పోలేదు. గల్లీ మలుపులో కుడిచెయ్యి చాపి, వెనక వచ్చే బర్రెలు ఆగాయని నమ్మకం కుదిరాకే బండిని మళ్లిస్తాడు.

దారిలో కనబడిన ప్రతివాళ్లూ అడుగుతారు. "బండికేమైందే గుండన్నా?"

"బండికేమైతది? మా వెస్లీది గది," అంటాడు. అంటున్నప్పుడు ఛాతీ ఉబ్బుతుంది. అడిగినవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. అడిగిందేమిటి, చెప్పిందేమిటి?

వెస్లీ ఆయన ఒక్కగానొక్క కొడుకు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని దొరికాక తన జీతంతో తనే కొనుక్కున్నాడు ఆ బండిని. తెచ్చిన రోజు గల్లీలో అందరినీ ఒక్కొక్కరిగా ఎక్కించుకుని తిప్పాడు. నన్ను హైవే దాకా తీసుకుపోయాడు. నేను కళ్లు గట్టిగా మూసుకుని వాడి చొక్కా పట్టుకుంటే గుండీలు తెగి రోడ్డు మీద పడ్డాయి. "అత్తమ్మా, కండ్లు తెరువు! సూడకపోతె తిప్పి ఏం ఫాయిదా?" అని ఒకటే నవ్వు. రోజూ తెల్లారి పొడిబట్టతో బండిని తుడిచేవాడు. "గట్లనె నీ మొఖం గూడ తుడుసుకోరాదురా," అని గుండయ్య వేళాకోళం చేసేవాడు. కొడుకు బండి మీద తండ్రి ఎన్నడూ చెయ్యి వేసి ఎరగడు.

పోయినేడాది కాదు, అంతకు ముందటేడు, అల్లం తవ్వే రోజుల్లో, వెస్లీ డ్యూటీ నుంచి ఇంటికి వస్తుంటే హైవే మీద లారీ తగిలింది. బండి జారిపోయి పక్కనున్న అల్లం చేనులో మెత్తటి మట్టిలో పడింది. ఎడమ అద్దం ఒక్కటి ఊడిపోయింది తప్ప దానికి ఇంకేమీ కాలేదు. వెస్లీ హెల్మెట్ ఆ రోజు ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంది. గుండయ్య ఇప్పుడు పెట్టుకుని నడిచేది ఆ హెల్మెటే.

అందుకే పెట్రోలు పుకారుతో పాటు, మెల్లగా చెప్పుకునే పుకారు ఇంకొకటి కూడా ఉంది. కొడుకు పోయాక గుండయ్యకు మతి చలించిందని. మొదటిది విని నవ్వాను. రెండోది విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

మతి చలించిన మనిషి దగ్గర అన్ని కాగితాలుంటాయా? ఒకరోజు హెల్మెట్ల చెకింగ్ జరుగుతోంది. కొత్తగా వచ్చిన పోలీసు పిల్లవాడు గుండయ్యను ఆపాడు. నేను అక్కడే అరటిపండ్లు బేరమాడుతున్నాను. బేరం ఆపేశాను.

"ఏం పెద్దమనిషీ, మమ్ముల జూసి దిగినవా? లైసెన్సు లేదా?"

గుండయ్య లైసెన్సు తీశాడు. ఆర్సీ తీశాడు. ఇన్సూరెన్సు తీశాడు. పొల్యూషన్ సర్టిఫికెట్టు కూడా తీశాడు. తోసుకుంటూ పోయే బండికి ఏం పొగ వస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

"అన్ని సక్కగనె ఉన్నయ్ గద! ఎక్కి పో మరి."

"ఎక్క సార్."

"బండి చెడిందా?"

ఆ మాటకు గుండయ్య మొహం చూడాల్సింది. చర్చిలో ఎవరో బూతు మాట్లాడినట్టు చూశాడు. "బండి చెడుడేంది సార్? మా వెస్లీది గది!" అని తాళం తిప్పి స్టార్ట్ చేశాడు. ఒక్క నొక్కుకే లేచింది. వినిపించి, ఆపేసి, మళ్లీ తోసుకుంటూ పోయాడు. పోలీసు పిల్లవాడు సెల్యూట్ కొట్టాలో చలాను కొట్టాలో తెలియక చెయ్యి సగంలో ఆపేశాడు.

మెకానిక్ మహిధర్ దగ్గరకు కూడా వెళ్లి ఆరా తీశాను. వాడు నా కన్నా పరేషాన్‌లో ఉన్నాడు. "నేనేం జెయ్యాలె పెద్దమ్మా? అంకులు టైముకు సర్వీసింగు తెస్తడు. మీటరు తిరుగుతది, ఇంజను తిరగది. టైర్ల కన్న ముందు ఆయన చెప్పులు అరిగినయ్. ఈపారి చెప్పులు సర్వీసింగు తెమ్మని చెప్పిన." తర్వాత గొంతు తగ్గించాడు. "కని ఈడికొస్తె మాత్రం స్టార్ట్ జేసి, పక్కకు కూసొని జరసేపు ఇంటడు."

అప్పుడు నాకు తట్టింది. మా గల్లీలో ఆ బండి చప్పుడు వినబడి ఎన్నాళ్లయింది!

సీటు ఖాళీగా ఉంది కదా అని ఎవరైనా సంచి పెట్టబోతే ఒప్పుకోడు. గిర్నీ నుంచి జొన్నపిండి డబ్బా తెచ్చేటప్పుడు దాన్ని హెల్మెట్ మీద పెట్టుకుని, ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో బండి పట్టుకుని వస్తాడు. అల్లం పండించే చెన్నబసప్ప అది చూసి నడిరోడ్డులో నిలబడిపోయాడు. "గుండన్నా, బండి నిన్ను మొయ్యాల్నా, నువ్వు బండిని మొయ్యాల్నా? డబ్బా సీటు మీద పెట్టరాదే!"

"పిండి రాల్తది. మా వెస్లీది గది."

ఇలా ఊరంతా అడిగింది. నేను మాత్రం ఆయనను ఎన్నడూ అడగలేదు. ఎవరింట్లో పోపు మాడినా గోడ మీంచి తొంగి చూసి కారణం అడిగే నోరు నాది. ఆ హెల్మెట్ ఎదురుపడితే మాత్రం మూతబడేది. మహిధర్‌ను అడిగాను, పాస్టరమ్మ గ్లోరీని అడిగాను, పెట్రోలు బంకులో అమ్మాయిని అడిగాను. ఆయననే అడిగితే వెస్లీ మాట వస్తుంది. వస్తే ఏమనాలో నాకు తెలియదు.

మొన్న వానలు మొదలయ్యే ముందు గుండయ్య భార్య నాగవ్వకు అన్న, ప్రేమ్‌సాగర్, న్యాల్‌కల్ నుంచి వచ్చాడు. వెంట రామ్‌కిషన్ అనే పడుచువాడిని తెచ్చాడు. "బావా, నలుగురు నవ్వుతున్నరు. ఈ బండి అమ్మేద్దాం. మంచి పిలగాడు, తీస్కుంటడు," అన్నాడు. గుండయ్య హెల్మెట్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు నాగవ్వ చేతులు తుడుచుకుంటూ లోపలి నుంచి వచ్చింది. ఆమె ఇంటి గడప దాటి బయటికి వచ్చి మాట్లాడడం మేం చూసి చాలా రోజులైంది.

"ఏ ఊరు నాయినా?"

"ఝరాసంగం దిక్కు, అవ్వా."

"నీడకు పెడ్తవా, ఎండకే ఇడుస్తవా?"

"రేకుల షెడ్డున్నది."

"తాగుతవా?"

"అయ్యో, లేదవ్వా."

"పొద్దువోయి తిరుగుతవా?"

రామ్‌కిషన్ చెమట తుడుచుకున్నాడు. "అవ్వా, నేను బండి కొననీకొచ్చిన. పిల్లనడగనీకి రాలే."

"దినాం తుడుస్తవా? పొడిబట్టతోని?"

"వారానికోపారి కడుగుత."

"వారానికోపారి..." అంది నాగవ్వ. అన్న వైపు తిరిగింది. "మావోడు దినాం తుడిసెటోడు అన్నా." అంతే, లోపలికి వెళ్లిపోయింది.

బండి చూడడానికి తీసుకున్న తాళంచెవిని రామ్‌కిషన్ నెమ్మదిగా గుండయ్య చేతిలో పెట్టాడు. "నాకొద్దు పెద్దాయినా. బండితోని అత్తగారు గూడ వచ్చెటట్టున్నది," అన్నాడు. అందరం నవ్వాం. గుండయ్య నవ్వలేదు. హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుని, పాలకని బండి తోసుకుంటూ వెళ్లాడు. పాలు పొద్దున్నే తెచ్చాడు.

ఆ తర్వాత వానలు పడ్డాయి, గుండయ్యకు జ్వరం వచ్చింది. మంచం దిగలేదు. బండి పొద్దంతా ఇంట్లోనే, రేకుల కింద నిలబడింది. మరునాడు నేను శొంఠి కషాయం కాచి తీసుకుపోయాను. రోగిని చూద్దామనీ, లోపల ఏం జరుగుతోందో కూడా చూద్దామనీ.

నాగవ్వ బండి ముందు గోనెసంచి పరుచుకుని కూర్చుని ఉంది. కొంగుతో ట్యాంకు తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది. పొయ్యి చల్లగా ఉంది. నిన్నటి గిన్నెలు నిన్నటి చోటే ఉన్నాయి.

"నాగవ్వా, తిన్నవా?"

"వండుదమనుకున్న వదినె. గిట్ల కూసున్న. పొద్దువోయింది." ఆమె వేలు ఎడమ హ్యాండిల్ మీద, అద్దం ఊడిన చోట ఆగింది. "ఈ అద్దం ఏడ పడిందో ఎవరు చెప్తలేరు. అండ్ల మొఖం జూసుకొని తల దువ్వుకునెటోడు."

నేను కషాయం చల్లారకుండా చెంబుకు కొంగు చుట్టాను.

లోపల మంచం కిర్రుమంది. గుండయ్య వచ్చాడు. ఒంటి చుట్టూ గొంగడి, తల మీద హెల్మెట్. పండుగకు వేషం కట్టినవాడు దారి తప్పి వచ్చినట్టున్నాడు.

"ఏడికి? ఇంత జరంల!" అన్నాను.

"నీ ఇంటికేనక్కా," అని స్టాండు తీశాడు.

నాగవ్వ లేచింది. "పట్టీ పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న."

ఆమె గేటు తీసింది. గొంగడి, హెల్మెట్, బండి, పక్కన కషాయం చెంబుతో నేను. గల్లీ అంతా కిటికీల్లోంచి చూసింది. నా వాకిట్లో చూరు కింద బండిని నిలబెట్టి, గుండయ్య అరుగు మీద కూలబడి హెల్మెట్ తీశాడు. తెల్లబడిన వెంట్రుకలు చెమటకు నెత్తికి అంటుకుపోయి ఉన్నాయి. ఆయనను హెల్మెట్ లేకుండా ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్లైందో. కషాయం తాగించాను. చెంబు ఖాళీ అయ్యేలోపు గాలిలో ఉల్లిగడ్డ పోపు వాసన వచ్చింది. నా ముక్కు ఎన్నడూ పొరబడదు. అది నాగవ్వ పొయ్యి.

ఇక ఆగలేకపోయాను.

"గుండయ్యా, తమ్మీ, ఒక్క మాట అడుగుత. ఎందుకు నూకుతవురా దాన్ని?"

గుండయ్య కూడా ఆ వాసన పీల్చుకున్నాడు. మెల్లగా చెప్పాడు.

"బండి ఇంట్ల ఉంటె నాగవ్వ దాని ముంగట్నించి లేవదక్కా, జూసినవ్ గద. అమ్ముదమంటె అది గూడ జూస్తివి. ఎక్కి పోయిన్ననుకో, సప్పుడినంగనె గేటు పట్టుకొని నిలవడ్తది. నేను మల్ల వచ్చేదాంక మంచినీళ్లు గూడ ముట్టది. నూకుకపోతె సప్పుడు లేదు, ఫికర్ లేదు. పొద్దంత బండి కండ్లవడది, జర వండుకుంటది, తింటది. పొద్దుమీకి బండి ఇంటికొస్తది, దాని పాణం నిమ్మలమైతది. ఇయ్యాల గూడ పొద్దుమీకంగ వచ్చి తీస్కపోత."

"మరి హెల్మెట్?"

"అది పెట్టుకోంది బండి ముట్టొద్దని నాగవ్వ మాట తీస్కున్నది. నూకాల్నంటె ముట్టాలె గద." బండి వైపు చూశాడు. "ఇగ నా సంగతంటవా, ఎక్కి ఉరికిస్తె ఎవలన్న ఆపి అడుగుతరా? నూకుకుంట పోతె తొవ్వ పొడుగుత అడుగుతరు, బండికేమైందని. మా వెస్లీది అని చెప్త. దినాం గన్నిసార్లు వాని పేరు తీసెటట్టు నాకు ఇంకేడ దొర్కుతది? ఊరంత అడిగిన్రు, నువ్వొక్కదానివే అడగకపోతివి. ఇప్పుడు నీ వాకిట్ల ఉన్నది గద, అడిగెటోళ్లు నీ కాడికొస్తరు. జర మంచిగ చెప్పక్కా. ట్యాంకుకు మాత్రం మల్ల చెవి పెట్టకు."