ప్రమీల అడిగిన సపోర్ట్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం. గోదావరిఖనిలో ఒక చర్చి హాల్లో ఏడుగురికి కోచింగ్ ఇస్తున్నాను. కోచింగ్ అంటే పోటీ పరీక్షలకు కాదు. మిషనరీలుగా వెళ్లేవాళ్లకు చాలా సంస్థల్లో జీతం ఉండదు. బంధువులో, స్నేహితులో, సంఘంలోని వాళ్లో నెలనెలా ఇంత ఇస్తామని మాటిస్తే, ఆ మాట మీదే బతకాలి. దాన్ని మేం సపోర్ట్ అంటాం. అది సమకూరకపోతే సంస్థ పంపదు. నోరు తెరిచి అడగలేనివాళ్లను కూర్చోబెట్టి అడగడం నేర్పడమే నా పని. అంతకుముందు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మినదాన్ని కదా, సిగ్గు అనేది నా దగ్గర ఎప్పుడో అయిపోయింది.

ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగించేదాన్ని. అందరికీ కష్టమయ్యేది పాజ్. అంటే అడగాల్సింది అడిగేసి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని ఆగడం. మనవాళ్లకు అదొక్కటి చచ్చినా రాదు. "అన్నా, నెలనెలా సాయం చెయ్యాలె" అంటారు. ఊపిరైనా తీసుకోకుండా "వీలైతేనే అన్నా, లేకుంటె ఫికర్ జెయ్యకు, చాయ్ తాగినవా?" అంటారు. అవతలివాడు కాదనేలోపు వీళ్లే కాదనేసుకుంటారు! నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఆ ఏడుగురిలో ప్రమీల ఒకతి. అడవిలో ఒక గూడేనికి ఒకసారి నెల రోజులకని వెళ్లి, పిల్లలకు చదువు చెప్పి వచ్చింది. మనిషి తిరిగొచ్చింది కానీ మనసు అక్కడే ఉండిపోయింది. అన్నం తింటూ ఉన్నట్టుండి, "ఇప్పుడు వాళ్లు వాగు కాడ ఆడుతుంటరు అక్కా" అనేది. మళ్లీ వెళ్లి అక్కడే ఉండిపోవాలని ఆమె ఆశ. అంత ఆశ ఉండి కూడా, మిగతావాళ్లంతా ఫోన్లు మొదలుపెట్టినా తను ఒక్కరికీ చేయలేదు. గట్టిగా నిలదీశాను.

"ముందు మా నాయినకు చెయ్యాలె అక్కా. ఆయినకు చెప్పకుంట లోకమంతటికి ఎట్ల చెప్పుదు?"

"మరి చెయ్యి. ఎవరు వద్దన్నారు?"

"నాయిన నాతోని మాట్లాడక రెండేండ్లాయె."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. వాళ్ల నాన్న బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేశాడు. ఊపిరితిత్తులు పాడై, మెడికల్ అన్‌ఫిట్ అయి దిగిపోయాడు. అలా దిగిపోయినవాళ్ల పిల్లల్లో ఒకరికి ఆ బొగ్గు కంపెనీలోనే ఉద్యోగం వస్తుంది. ఆయన దాన్ని కూతురికే ఇవ్వాలనుకున్నాడు. ఈమె గూడేనికి పోతానని వద్దంది. ఉద్యోగం తమ్ముడికి వెళ్లింది. ఆయన శ్రీరాంపూర్‌లో కొడుకు దగ్గరున్నాడు, ఈమె సెంటినరీ కాలనీలో మేనత్త దగ్గరుంటోంది. తల్లి లేదు.

"ఇప్పుడే చెయ్యి, మేమంతా ఇక్కడే ఉన్నాం కదా" అన్నాను. చేసింది.

"నాయినా, నేను ప్రమీలను. చర్చి హాల్ల ఉన్న. నాకు సపోర్ట్ గావాలె. నువ్వే చెయ్యాలె."

అంతే, ఆగింది. నేను నేర్పిన పాజ్‌ను అంత చక్కగా అప్పటిదాకా ఎవరూ పాటించలేదు. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. ఆ పిల్ల కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. నా మీద నాకే కోపం వచ్చింది.

మధ్యాహ్నం మేం అన్నాలు తింటుంటే ఒక పెద్దాయన రొప్పుతూ లోపలికొచ్చాడు. చేతిలో రంపం, గొడ్డలి. కూతురి వైపు చూడనే లేదు. పైకప్పు వైపే చూస్తున్నాడు.

"ఏడ పగిలింది? ముందు అందరు బయటికి నడువుండ్రి! జల్ది!"

ఆ గొంతుకు కంచాలు వదిలేసి ఉరికాం. అందరికంటే ముందు ఉరికింది నేనే, చెప్పుకోవడానికి సిగ్గెందుకు? వానలో నిలబడ్డాక తెలిసింది. బాయిలో సపోర్ట్ అంటే పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగ. ఆయన జన్మంతా చేసిన పని అదే. వానలకు హాలు కూలుతోందని, కూతురు లోపలుందని అనుకుని, బండి మీద గోదావరి దాటి వచ్చాడు.

మా సపోర్ట్ వేరని చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆయన ముఖం నల్లబడింది.

"అంటె పైసలా? ఉన్న నౌకరి వద్దని, ఇప్పుడు నలుగుట్ల చెయ్యి జాపుతున్నవా బిడ్డా? గా నౌకరి నీకని ఎంత ఆశపడ్డనో ఎరుకేనా?"

"పైసలొద్దు నాయినా" అంది ప్రమీల. నా కోచింగ్‌లో ఆ మాట అనకూడదు! "నువ్వు నన్ను గూడెంల దిగబెట్టాలె. ఆ పోరగాండ్లను ఒక్కపారి సూడాలె. నువ్వు సరే అనకుంట నాకు కాలు కదుల్తలేదు. అందుకే పోలే."

ఆగింది. ఏదో ఒకటి చెప్పి సర్దేద్దామని నా నాలుక దురద పెట్టింది. పళ్లు బిగపట్టుకున్నాను. ఆయన చాలాసేపు రంపం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"బస్సు దిగినంక ఎంత నడువాలె?"

"రెండు వాగులు దాటాలె నాయినా."

"మరి నీ సామానంత ఎవలు మోస్తరు?"

ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మిగతావాళ్లకు ఫోన్లు చేయడం ఆ తర్వాత ఆమెకు కష్టమే కాలేదు. ఆ వానాకాలం దాటకముందే తండ్రీకూతుళ్లు బయల్దేరారు.

డబ్బు అడగలేనివాళ్లకు అడ్డం పడేది డబ్బు కాదని నాకు తెలిసింది అప్పుడే. ఇప్పుడు ప్రతి బృందాన్నీ మొదటిరోజే అడుగుతాను, ఎవరు సరే అంటే మీ కాలు కదులుతుందని. పోయినసారి ఒకమ్మాయి నన్నే ఎదురడిగింది, "మరి మీకెవరు అనాలె అక్కా?" అని. మా నాన్న అన్నాను. "అయితే ఇప్పుడే ఫోన్ చెయ్యుండ్రి" అంది, నేను నేర్పినట్టే. ఆయన పోయాడని ఆ పిల్లకు తెలియదు.