ఆకుపచ్చ దగ్గర ఆగిపోయిన తెర

2022 నవంబరులో ఒక బుధవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల రెండు నిమిషాలకు ఉదయగిరి నుంచి మస్తాన్ ఫోను చేశాడు. ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో కంప్యూటర్లు, ఆడియో పరికరాలు బాగుచేసే సెంటరు నాది. అక్కడి నుంచి అతని స్టూడియోకు నా స్కూటరు మీటరు ప్రకారం నలభై ఏడు కిలోమీటర్లు. జానపద గాయకుల పాటలకు సంగీతం కూర్చి రికార్డు చేయడం అతని వృత్తి.

"అక్కా, స్క్రీన్ బిగుసుకుపోయింది. మౌస్ తిరగతా ఉండాది గానీ ఏం నొక్కినా పలకడంలా. నాట్ రెస్పాండింగ్ అని పడింది."

"హెడ్‌ఫోన్‌లో మైకు సౌండ్ వస్తా ఉండాదా?"

"వస్తా ఉండాది. ఫ్యాను చప్పుడు గూడా వినిపిస్తా ఉండాది."

"పాటలు సేవ్ చేసినావా?"

"లేదక్కా. ఆరూ మెమొరీలోనే ఉండాయి. పాడింది పెంచలమ్మ, రేపు ఆపరేషన్ ఆమెకి."

ప్రోగ్రామును మూయవద్దని, కరెంటు తీయవద్దని చెప్పి వెంటనే బయలుదేరాను.

మస్తాన్ వాడేది మ్యూజిక్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్. ఇందులో తయారుగా ఉన్న మీటలు తక్కువ. తెర మీద చిన్న చిన్న గడులు పెట్టి, వాటిని గీతలతో కలిపి, ధ్వని ఎటు ప్రవహించాలో మనమే నిర్ణయించాలి. ఆ అమరికను ప్యాచ్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో రెండు భాగాలుంటాయి. ధ్వనిని నడిపేది ఇంజిన్. తెర మీద బొమ్మ గీసేది జీయూఐ. జీయూఐ స్తంభించినా ఇంజిన్ చాలాసార్లు పనిచేస్తూనే ఉంటుంది. మైకు శబ్దం వినబడుతోందంటే ఇంజిన్ బతికి ఉన్నట్టే. ప్రోగ్రామును మూసేస్తే ఇంజిన్ కూడా పోతుంది, దానితో మెమొరీలో ఉన్నదంతా పోతుంది.

పెంచలమ్మది మర్రిపాడు మండలంలో ఒక పల్లె. ఏటా వరినాట్లకు పదహారు మంది ఆడవాళ్ల ముఠాను సంగం కాలువ కింది మళ్లకు తీసుకువెళ్లే మేస్త్రి ఆమె. ఆమె పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకుంటారు. చేతులు ఆ లయకే కదులుతాయి. ఆ గొంతులో రాచపుండు లేచింది. మర్నాడు ఉదయం నెల్లూరులో స్వరపేటిక పూర్తిగా తీసేస్తారు. గట్టు మీద స్పీకరు పెట్టి తన పాట వినిపిస్తే ముఠా చెదిరిపోదన్న ఆశతో ఆమె రికార్డింగుకు వచ్చింది.

ఒంటిగంట అయిదు నిమిషాలకు స్టూడియో మెట్లెక్కాను. పెంచలమ్మ కుర్చీలో కూర్చుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. తువ్వాలు మీద నెత్తుటి మరకలు. ఆమె భర్త మాలకొండయ్య నన్ను చూడగానే అందుకున్నాడు.

"రిపేరు చేసేది నువ్వేనామ్మా? గంట నుంచి ఆ పెట్టె ముందర కాపలా కాస్తా ఉండాము. నువ్వు ఫోను పెట్టేసిన ఎంటనే, పాడు ల్యాప్‌టాప్, మూత ఎయ్యబోతే మస్తాను నా చెయ్యి తోసేసినాడు. తాకబాకని నువ్వు చెప్పినావంట."

"ముందు నీ నోటికి ఎయ్యి మూత," అంది పెంచలమ్మ. మాట గాలిలా వచ్చింది. తరవాత నా వైపు తిరిగి, "నా గొంతు లోపలే ఉండాదా పాపా?" అని అడిగింది.

"చూస్తానమ్మా," అన్నాను.

మస్తాన్ పనిలో ఒక పద్ధతి ఉంది. రికార్డు మీట అంటూ నొక్కడు. రికార్డింగ్ మొదలైందని తెలిస్తే పొలాల్లో పాడేవాళ్ల గొంతు బిగుసుకుపోతుందని అతని అనుభవం. అందుకని స్టూడియోలో మైకు పెట్టింది మొదలు అంతా దానంతట అదే మెమొరీలోకి వెళ్లేట్టు ప్యాచ్ కట్టుకున్నాడు. చివరలో దాన్ని ఫైలుగా రాసుకుంటాడు.

"మెమొరీ ఎంతసేపటిది?" అని అడిగాను.

"తొంభై నిమిషాలక్కా."

"నిండితే?"

"మళ్లీ మొదటి నుంచి రాస్తాది, పాతదాని మీద." తెర వైపు చూపించి, "కానీ తెర ఆగిపోయింది గదక్కా. రాయడం గూడా ఆగిపోయుంటాది గదా?" అన్నాడు.

ఆగలేదు. ఇలాంటి మెమొరీని రింగ్ బఫర్ అంటారు. ఉంగరంలా దానికి చివర ఉండదు. మస్తాన్ మైకు పెట్టింది పదకొండూ పదికి. అప్పటికి నూట పదిహేను నిమిషాలు గడిచాయి. అంటే మొదటి ఇరవై అయిదు నిమిషాల పాట ఇప్పటికే చెరిగిపోయింది. మైకు ఊడబీకినా ప్రయోజనం లేదు. నిశ్శబ్దం కూడా పాట మీద పడి చెరిపేస్తుంది.

ఫోనులోంచి వాల్యూమ్ మార్చుకోవడానికి మస్తాన్ ప్యాచ్‌లో ఒక నెట్‌వర్క్ పోర్ట్ తెరిచి పెట్టుకున్నాడు. పోర్ట్ అంటే ఇంజిన్ బయటి ఆదేశాలు వినే ద్వారం. నా ల్యాప్‌టాప్‌ను కేబులుతో కలిపి, తెరతో నిమిత్తం లేకుండా నేరుగా ఇంజిన్‌కే "మెమొరీని ఫైలుగా రాయి" అన్న ఆదేశం పంపాను. అడ్రసులు సరిపడక మొదటి రెండు ప్రయత్నాలు విఫలమయ్యాయి. ఒకటీ పావుకు ఫైలు డిస్కు మీద కనిపించింది. అప్పుడు ఇంజిన్ ఆపాను.

స్తంభించడానికి కారణం తరవాత దొరికింది. పెంచలమ్మకు చదువు రాదు. ఎప్పుడు ఎత్తుకోవాలో, ఎప్పుడు ఆపాలో తెలియడానికి మస్తాన్ తెర మీద రంగు గడులు పెట్టాడు. ఆకుపచ్చ వస్తే పాడాలి, ఎరుపు వస్తే ఆపాలి. అయిదో పాట దాకా ఎనిమిది గడులే. ఆరోది పొడవైన పాట కావడంతో వాటిని అరవై నాలుగు చేశాడు. ఒక్కొక్క గడి సెకనుకు ఏడు వందల యాభై సార్లు తనను మళ్లీ గీయమని అడుగుతోంది. మొత్తం సెకనుకు నలభై ఎనిమిది వేల అభ్యర్థనలు. ఆ తెర సెకనుకు అరవై సార్లకు మించి గీయలేదు. అడిగినవన్నీ వరసలో పేరుకుని నలభై నాలుగో నిమిషంలో జీయూఐ నిలిచిపోయింది. నిలిచిన క్షణానికి గడి ఆకుపచ్చగా ఉంది.

ఫైలు వినిపించాను. మొదటి పాట ఉండాల్సిన చోట మాలకొండయ్య విసుగు. నాలుగో పాట ఉండాల్సిన చోట నేను మెట్లెక్కిన చప్పుడు, "నా గొంతు లోపలే ఉండాదా పాపా?" అన్న ప్రశ్న. ముప్పై అయిదో నిమిషం దగ్గర, అయిదో పాట నడుమ నుంచి, పెంచలమ్మ గొంతు ఒక్కసారిగా మొదలైంది. ఆరో పాట మొత్తం ఉంది. అది అయిపోయాక పల్లవి మళ్లీ వచ్చింది. మళ్లీ వచ్చింది. ప్రతిసారీ గొంతు కొంత తగ్గుతూ, చివరికి దగ్గు.

"పాట అయిపోయింది గదమ్మా, ఎందుకు ఆపలేదు?" అని అడిగాను.

"ఎర్రది రాలా. ఎర్రది వచ్చిందాకా ఆపబాకన్నాడు."

మస్తాన్ అప్పుడు పక్క గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉన్నాడు. ఆమె తనంతట తనే మళ్లీ పాడుతోందని, బాగా వస్తోందని అనుకున్నాడు. ఇప్పుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మళ్లీ పాడతా. పెట్టు," అని పెంచలమ్మ లేచింది. మొదటి పాట ఎత్తుకుంది. పెదవులు కదిలాయి, మెడ నరాలు ఉబ్బాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. రెండో చరణానికి కూడా ప్రయత్నించింది.

"చాల్లేవే," అన్నాడు మాలకొండయ్య. "చాల్లే. కూకో."

వెళ్లే ముందు మస్తాన్ ల్యాప్‌టాప్ పవర్ సెట్టింగ్ చూశాను. మూత వేస్తే స్లీప్ అని ఉంది. అంటే, మాలకొండయ్య చెయ్యి పడి ఉంటే ఇంజిన్ ఆ క్షణంలోనే నిద్రలోకి వెళ్లేది; మెమొరీ చెక్కుచెదరకుండా ఉండేది; ఆరు పాటలూ ఉండేవి. ఆ మాట అక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఈ కేసు తరవాత ఇలాంటి ఫోను వస్తే రెండు ప్రశ్నలు ముందు అడుగుతాను. లోపల ఇంకా ఏం నడుస్తోంది? అది దేని మీద రాస్తోంది? కదలని తెర ఆగిపోయిన యంత్రానికి గుర్తు కాదు.

పాడిన పాటలు ఆరు. పూర్తిగా పోయినవి నాలుగు, సగానికి పైగా పోయింది ఒకటి. మిగిలింది ఒకటి, దాని వెనక ఆరు నిమిషాల పల్లవి. ఆపరేషన్ అనుకున్న రోజునే జరిగింది. పెంచలమ్మకు మాట లేదు. పదహారు మంది ముఠాలో ఆ ఏడాది సంగం నాట్లకు వెళ్లినవాళ్లు తొమ్మిది మంది.