ఖోర్ ఫక్కాన్ నుంచి షార్జా ఫిజియోథెరపీకి: ఇద్దరు ఆడవాళ్ళం వెళ్ళిన దారి

ఖోర్ ఫక్కాన్ నుంచి షార్జాకు షేర్ టాక్సీలో ఎలా వెళ్ళాలి, మగవాళ్ళు తోడు లేకుండా వెళ్తే ఇబ్బందా అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్ళు అడిగింది బట్టల కొనుగోలు కోసం. నేను ఆ దారిలో మా ఆయన లేకుండా మొదటిసారి వెళ్ళింది 2005 చలికాలంలో, ఫిజియోథెరపీ కోసం. రెండో కాన్పులో బిడ్డను పరికరాలు పెట్టి లాగి తీశారు. అప్పటినుంచి దగ్గినా, తుమ్మినా, మెట్లు కాస్త గబగబా దిగినా మూత్రం పడిపోయేది. కాన్పు చేసిన డాక్టరమ్మ, పిల్లలు పుట్టాక ఇదంతా మామూలే అంది. అయిదేళ్ళ తరవాత సెలవులకు ఒంగోలు వెళ్ళినప్పుడు ఇంకో డాక్టరు, గర్భసంచి తీసేస్తే పీడా పోతుంది, వచ్చే వేసవిలో రండి అన్నాడు. అప్పుడు నాకు ముప్ఫై రెండేళ్ళు. సరేనని తల ఊపి వచ్చాను. ఆరేళ్ళపాటు మెత్తటి పాత చీరలు చింపి మడతలు పెట్టుకుని తిరిగాను. మా ఆయనకు కూడా సగమే చెప్పాను.

ఖోర్ ఫక్కాన్‌లో మా వీధి చివర ఒక అరబ్బుల ఇంట్లో మహబూబ్ బీ పనిచేసేది. రాయచోటి నుంచి ఇంటిపనికి వచ్చిన మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, నలుగురు పిల్లల తల్లి. ఆ ఇంటి పిల్లల్ని బడి బస్సు ఎక్కించడానికి వచ్చినప్పుడు పరిచయమైంది. ఒకరోజు కిరాణా కొట్టు ముందు బియ్యం బస్తా దించి, అక్కడే గట్టు మీద కూలబడింది. ముఖమంతా చెమట. ఏమైందక్కా అని అడిగాను. నేల చూస్తూ చెప్పింది.

"కింద ఏదో జారి బయటికొచ్చినట్టుంటాది సుజాతమ్మా. సాయంత్రమయ్యేసరికి నిలబల్లేను. ఎవురికి జెప్పుకునేది?"

ఆ మాట విన్నాకే నా సంగతి నేను మొదటిసారి పూర్తిగా ఒక మనిషికి చెప్పాను. మా పాప జ్వరానికని ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అక్కడి నర్సును గుచ్చి గుచ్చి అడిగితే, షార్జాలో రోలా దగ్గర ఆడవాళ్ళకు ఈ విషయంలో ఫిజియోథెరపీ చేసే ఆవిడ ఒకరున్నారని చీటీ మీద రాసిచ్చింది. ఫిజియోథెరపీ అంటే విరిగిన కాళ్ళకూ నడుం నొప్పికీ అనే నాకు తెలుసు. మహబూబ్ బీకి నెలకో రోజు సెలవు. ఆ నెల అది పడిన గురువారానికి ఫోను చేసి ఇద్దరికీ సమయం తీసుకున్నాను.

పొద్దున ఏడింటికి ఖోర్ ఫక్కాన్‌లో టాక్సీ ఎక్కి ముందు ఫుజైరా వెళ్ళాం, అరగంట దారి. అక్కడ టాక్సీ స్టాండులో షార్జా బండ్లు వరసగా ఉంటాయి. మనిషికి పాతిక దిర్హాములు. బండి నిండితే గానీ కదలదు కాబట్టి ఎనిమిదిన్నర దాకా కూర్చున్నాం. ఆడవాళ్ళమని వెనక సీటు ఇచ్చారు. నేను ముందురోజు సాయంత్రం నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. ప్రయాణమంటే నా ఏర్పాటు అదే. ఒళ్ళో సంచి, సంచిలో రెండు చీరలు, సీటు మీద ప్లాస్టిక్ కవరు, దానిమీద తువ్వాలు.

ఫుజైరా దాటాక రోడ్డు కొండల మధ్యకు వెళ్తుంది. చెట్టన్నది లేని గోధుమరంగు కొండలు, రాళ్ళు కొట్టే చోట్ల నుంచి వచ్చే లారీలు. ఆ దుమ్ముకు నాకు దగ్గు మొదలైంది. దగ్గు ఆపుకోవాలని ఊపిరి బిగబట్టేకొద్దీ ఎక్కువైంది. మసాఫీ రాకముందే తువ్వాలు తడిసింది. నీళ్ళు తాగకపోతే రాదనుకున్నది రానే వచ్చింది, పైగా మంట. డ్రైవరు పెషావరు వైపు ముసలాయన. ఎక్కడైనా ఆపమని హిందీలో అడిగాను. వెనక్కి చూడకుండానే, ధైద్ దాకా ఆపను, ఇంటి దగ్గరే అన్నీ చూసుకుని రావాలి అన్నాడు. ముందున్న ఇద్దరు మగవాళ్ళూ కిటికీలోంచి బయటికి చూడసాగారు.

మహబూబ్ బీ ముందుకు వంగి ఉర్దూలో అంది: "చాచా, బీమార్ హై, ఒంట్లో బాలేదు. ఆపకపోతే నీ బండే పాడయ్యేది."

ఆయన గొణుక్కుంటూనే రోడ్డు పక్క చాపలు, పళ్ళు, మట్టికుండలు అమ్మే బజారు దగ్గర ఆపాడు. అక్కడున్న మరుగుదొడ్డికి తలుపు గడియ లేదు. మహబూబ్ బీ బయట తలుపు పట్టుకుని నిలబడింది. నేను బట్ట మార్చుకుని వచ్చేసరికి ఆమె రెండు కాళ్ళూ దగ్గరికి బిగించి, గోడకానుకుని కళ్ళు మూసుకుని ఉంది. మళ్ళీ బండి ఎక్కాం. ఆ తరవాత ధైద్, అక్కడి నుంచి ఎడారి రోడ్డు మీద తిన్నగా షార్జా. రోలాలో దిగేసరికి పదిన్నర దాటింది.

క్లినిక్కు మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, లేకపోతే మహబూబ్ బీ ఎక్కలేకపోయేది. ఫిజియోథెరపిస్టు ఆనీ గారు మలయాళీ, యాభై దాటిన మనిషి. మొదటిసారి చూపుకు నూటయాభై దిర్హాములు. కొంచెం హిందీలో, కొంచెం ఇంగ్లీషులో మాట్లాడారు. పరీక్ష చేసేముందు ఏం చేస్తారో, ఎందుకో చెప్పి, వద్దంటే ఆపేస్తానన్నారు. ఆ మాట నాకు అంతవరకు ఏ డాక్టరూ చెప్పలేదు. కటి భాగం అడుగున జోలెలా కొన్ని కండరాలుంటాయట. మూత్రసంచి, గర్భసంచి, పెద్దపేగు చివర, వీటన్నిటినీ కింది నుంచి మోసేవి అవి. కాన్పులో సాగి బలహీనపడితే పట్టు తప్పుతుంది. మూత్రం, గాలి ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించమన్నారు. ఒక పత్రికలో చదివి ఏడాదిగా నేను చేస్తున్న వ్యాయామమే కాబట్టి ధీమాగా బిగించాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "మీరు పైకి లాగడం లేదు, ఊపిరి బిగబట్టి కిందికి తోస్తున్నారు. ఇన్నాళ్ళూ ఇలాగే చేశారా?"

అలాగే చేశానన్నాను. మేలు కాకపోగా కీడు చేసుకున్నానన్నమాట. ముప్పావుగంట ఓపిగ్గా నేర్పారు. చాప మీద పడుకుని, పొట్ట, తొడలు వదులుగా ఉంచి, మామూలుగా ఊపిరి తీస్తూ, అడుగు కండరాన్ని మాత్రమే పైకి లాగి అయిదు లెక్కపెట్టే దాకా పట్టి, మళ్ళీ అంతసేపు వదిలేయాలి. పూటకు పదిసార్లు, రోజుకు మూడు పూటలు. దగ్గు, తుమ్ము వచ్చే ముందు ఒకసారి బిగించాలి. నీళ్ళు మానకూడదు, మానితే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతుంది. మూడు నాలుగు నెలలు విడవకుండా చేస్తే తేడా కనిపిస్తుందన్నారు. వేసవిలో గర్భసంచి తీయించుకోబోతున్నానని చెప్పాను.

"మీకు వచ్చిన ఇబ్బందికి గర్భసంచి ఎందుకు తీస్తారు? అది తీస్తే మూత్రం పడటం ఆగదు. కాన్పయిన కొత్తలోనే ఎవరైనా ఇది నేర్పించి ఉండాల్సింది."

"ఎవరూ చెప్పలేదండీ."

"ఎవరూ చెప్పరు," అన్నారావిడ, చేతులు కడుక్కుంటూ.

ఆ మాట దగ్గర నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆరేళ్ళు నేను పెళ్ళిళ్ళకు వెళ్ళలేదు, నా పిల్లల్ని ఎత్తుకుని ఆడించలేదు, మా ఆయన పక్కన పడుకోకుండా ఉండటానికి వంకలు వెతికాను. దానికి మందు ఒక చాప, రోజుకు ఇరవై నిమిషాలు.

తరవాత మహబూబ్ బీని చూశారు. ఆమె అడగడం వల్ల నేనూ పక్కనే కూర్చున్నాను. గర్భసంచి సగం దారి జారింది, స్త్రీల డాక్టరుకు చూపించాలి, లోపల అమర్చే రింగు సరిపోవచ్చు, వ్యాయామం చేస్తే బరువుగా ఉండటం తగ్గుతుంది, ఆపరేషన్ తప్పిపోవచ్చు కూడా అన్నారు. "కానీ కొన్నాళ్ళు బరువులు ఎత్తకూడదు. రోజూ ఏమేం ఎత్తుతావు?"

ఆవిడ ఇంగ్లీషులో అన్నది నేను తెలుగులోకి మార్చి అడిగాను. మహబూబ్ బీ వేళ్ళ మీద చెప్పుకుపోయింది. "నీళ్ళ క్యాన్లు మేడ మీదికి. బియ్యం బస్తా. తివాచీలు. ముసలమ్మకు కాళ్ళు పడిపోయినాయి, ఆయమ్మను దినానికి ఎనిమిదిసార్లు లేపాల, పండబెట్టాల, స్నానం జేపియ్యాల. ఆయమ్మ నాకంటే రెండింతలు ఉండాది."

మనిషిని దుప్పటితో పక్కకు దొర్లించడం, మోకాళ్ళు వంచడం, ముందు బిగించి ఊపిరి వదులుతూ ఎత్తడం ఆనీ గారు మంచం మీద నన్నే పడుకోబెట్టి చూపించారు. మహబూబ్ బీ చకచకా పట్టేసింది, నాకంటే బాగా చేసింది. అయినా ఆ ఎత్తడాలు ఆమె ఒక్కదానిచేతే చేయించకూడదని ఆనీ గారు యజమానురాలికి ఉత్తరం రాశారు. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి దాన్ని అరబ్బీలోకి మార్చింది.

భోజనం రోలాలోనే ఒక కేరళ హోటల్లో, ఇద్దరికీ పన్నెండు దిర్హాములు. అక్కడ మహబూబ్ బీ కాగితం తీసి నా ముందు పెట్టింది.

"ఇది నేనియ్యను సుజాతమ్మా. ఇస్తే ఖలాస్, పంపించేస్తారు. పనికిరానిదాన్ని ఎవురు పెట్టుకుంటారు?"

"డాక్టరు కాగితం అక్కా. చదివాక కూడా ఎత్తమంటారా? ఆవిడా పిల్లల్ని కన్నదే కదా."

"నీకు ఆ ఇండ్లు తెలీవు."

నాకు నిజంగానే తెలియదు. అయినా తిరుగు దారి పొడుగునా చెప్పాను. మూడింటికి బండి దొరికింది. ధైద్ దగ్గర ఆగినప్పుడు ఆమెకు నీళ్ళ సీసా కొనిచ్చి, నేనూ తాగి, హుషారుగా మాట్లాడాను. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది, దాచడం వల్లే ఇంతదాకా వచ్చింది, నన్ను చూడు అన్నాను. ఖోర్ ఫక్కాన్ చేరేసరికి ఆమె, సరేలే నువ్వన్నావు గాబట్టి ఇస్తా అంది. ఒక మనిషిని ఒప్పించానని ఆ సాయంత్రం నాకు సంతోషంగా ఉండింది. ఇప్పుడు తలచుకుంటే ఆ సంతోషమే ఎక్కువ బాధపెడుతుంది.

ఉత్తరం ఇచ్చిన పదకొండో రోజున ఆమెను విమానం ఎక్కించారు. ముందురోజు నాతో చెప్పి వెళ్ళడానికి కూడా బయటికి రానివ్వలేదు. బడి బస్సు దగ్గర ఇంకో దేశం అమ్మాయి కనిపించింది, ఇరవై ఏళ్ళుంటాయేమో. నేను వ్యాయామం మానలేదు. మధ్యలో మూడుసార్లు షార్జా వెళ్ళి చూపించుకున్నాను. రెండో నెలకు తుమ్ముకు భయం పోయింది, అయిదో నెలకు చీర ముక్కలన్నీ చెత్తబుట్టలో వేశాను. ఒంగోలు డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు.

మహబూబ్ బీ మరుసటి ఏడాది ఫోను చేసింది. ఊళ్ళో నర్సింగ్ హోమ్‌లో గర్భసంచి తీసేశారట. రింగు సంగతీ, వ్యాయామం సంగతీ చెబితే నవ్వారట. టమాటా మండీలో బుట్టలు మోస్తున్నానంది. "సంచి పోయినా బరువు పోలేదు. ఇంగా జారతానే ఉండాది." నేను, నా వల్లే కదక్కా ఇదంతా అన్నాను.   ఆమె నా పిల్లలెట్లా ఉన్నారని అడిగి, కార్డులో డబ్బులయిపోతున్నాయని పెట్టేసింది.

ఈ వైద్యం పనిచేస్తుందని నేను ఒట్టేసి చెప్పగలను, నా ఒళ్ళే సాక్ష్యం. కానీ అది ఎవరికి పనిచేస్తుందో కూడా ఆ ఒక్క ప్రయాణంలోనే తెలిసింది. చాప పరుచుకోవడానికి గది, ఇరవై నిమిషాల తీరిక, వద్దనుకున్న బరువు దించేసే స్వేచ్ఛ, ఇవి నాకున్నాయి. వ్యాయామాన్ని నాకంటే బాగా నేర్చుకున్న మనిషికి లేవు. ఒకే బల్ల మీద ఒకే రోజు ఒకే మాట విన్నాం, ఒకరికి నయమైంది, ఇంకొకరికి బతుకుతెరువు పోయింది. నిజం చెప్పేస్తే అందరికీ మేలే జరుగుతుందని నేనిప్పుడు ఎవరికీ చెప్పను.

ఇదే ఇబ్బందితో వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. వెళ్ళడానికి ముందు మూడు రోజులు, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళారో, ఎంత నీళ్ళు తాగారో, ఏం చేస్తుండగా పడిపోయిందో వేళలతో సహా కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళండి. అక్కడ కూర్చున్నాక సిగ్గుతో అంతా తగ్గించి చెబుతాం. కాగితమైతే తగ్గించదు.