ఎడమకు లాగిన బండి

మొన్న ముద్దనూరు దారిలో మా కూతురి కొడుకు కారు టైరు పగిలింది. వాడు వెనక నుంచి తీసిన అదనపు చక్రం మిగతావాటికంటే చిన్నగా, సన్నగా ఉంది. "ఇప్పుడు ఇట్లాంటిదే ఇస్తారు నానీ. నిదానంగా పోతే సాలు" అని ఈ అమ్మమ్మకు ధైర్యం చెప్పాడు. ఎండలో కాలిన రబ్బరు వాసన ముక్కుకు తగిలేసరికి నాకు డాక్టరు కరుణమ్మగారు గుర్తొచ్చారు.

అది రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలం. ఆమెది కర్నూలు. మద్రాసులో చదివి, కడపలో సొంతంగా వైద్యం చేసేవారు. కారు తానే నడుపుకునేవారు. పెళ్లయిన ఏడాదికే భర్తను పోగొట్టుకుని పసికూతురితో పుట్టింట్లో బీడీలు చుట్టుకుంటున్న నన్ను కాన్పుల పని నేర్చుకోమని పిలిచారు. మా అబ్బ ససేమిరా అన్నాడు. "మీ ఇండ్లల్లో ఆడోళ్లను చూసేకి మొగ డాక్టరును రానిస్తావా అప్పా? మరి నీ బిడ్డ ఖాసింబీ గూడా నేర్చుకోకుంటే ఎవురు చూడాల?" అని అడిగారామె. మర్నాడు అబ్బే నన్ను ఆమె దగ్గర దిగబెట్టి వచ్చాడు.

టైర్లు దొరకని రోజులవి. ఉన్న అదనపు చక్రం పాడైతే, వేరే రకం కారుది ఒకటి సంపాదించి పెట్టుకున్నారు. బోల్టులకు సరిపోయింది గానీ కొలతలో చిన్నది. ఇది పనికొస్తుందా అంటే నవ్వి, "సరిగా పనికిరాదు. ఏమీ లేనిదానికన్నా మేలు గదా" అన్నారు.

ఒక వేసవి పొద్దున గండికోట దాపు పల్లె నుంచి ఓబులేసు అనే రైతు వచ్చాడు. భార్యకు తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట. అతన్నీ ఎక్కించుకుని బయలుదేరాం. జమ్మలమడుగు దాటాక వెనక టైరు పగిలింది.

డాక్టరమ్మ చెంగు దోపుకుని దిగారు. ఓబులేసు చేత ముందరి ఎడమ చక్రాన్ని విప్పించి వెనక్కి వేయించి, చిన్నదాన్ని ముందు బిగింపించారు. "ఎనక చక్రాలే బండిని తోసేది. అవి జోడు తప్పితే లోపల యంత్రం చెడిపోతాది" అన్నారు.

ఓబులేసుకు నమ్మకం కుదరలేదు. "నేను పోయి ఎద్దుల బండి తెస్తానమ్మా."

"పో. మేమూ వస్తాంటాం. యాడ ఎదురైతే ఆడ ఎక్కుతాం."

అతను పొలాలకు అడ్డంపడి పరుగెత్తాడు.

కదిలీ కదలగానే బండి ఎడమకు లాగింది. ఎడమ పక్క రాళ్ల వాగు. స్టీరింగును బలంగా కుడికి తిప్పి పట్టుకుంటే తప్ప దారి మీద నిలవడం లేదు. కొంతదూరం పోయాక ఆమె బండి ఆపి, నొప్పి పుట్టిన మణికట్లు ఒత్తుకున్నారు.

"అడ్డం తిరిగిన బిడ్డను సరిచేయాల్సిన చేతులివి. ఈడనే అలిసిపోతే ఎట్ల? స్టీరింగు నువ్వు పట్టు ఖాసింబీ."

"నాకు రాదమ్మా!"

"కాళ్ల పని నాది. నువ్వు కుడికి గుంజి పట్టుకో. యాడ వదలాల్నో నేను చెప్తాంటా."

పక్క సీటులోంచి వంగి రెండు చేతులా పట్టుకున్నాను. ఆమె "ఇంకొంచెం... ఆ, సాలు" అంటూ పాఠం చెప్పినట్టు చెప్పుకుంటూ వచ్చారు. నడకకన్నా ఒకింత వేగంగా సాగి, ఊరి మొదట్లోకి చేరేసరికి ఓబులేసు ఇంకా ఎద్దులకు కాడి కడుతున్నాడు.

తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. ఓబులేసు తల్లి ఏడుస్తూ డాక్టరమ్మ చేతులు పట్టుకుంది. "నీ చేతులు సల్లగుండ తల్లీ!" అంతకుముందే ఆ ఇంట్లో, నేను సాయిబుల పిల్లనని చెంబు ముట్టనీయకుండా నా దోసిట్లోకి నీళ్లు ఎత్తిపోసిన మనిషి ఆ ముసలామె. డాక్టరమ్మ నన్ను ముందుకు లాగి, బొబ్బలెక్కిన నా అరచేతులు తిప్పి చూపించారు.

"ముందు ఈ చేతులకు చెప్పు జేజీ. ఇవి నొచ్చినాయి గాబట్టే నావి పనికొచ్చినాయి."

ముసలామె ఒక్క క్షణం తటపటాయించి, నా చేతులు తీసుకుని కళ్లకద్దుకుంది.

నేను ఆ తర్వాత ఎన్నో ఏళ్లు కాన్పులు చేశాను, ఎందరికో ఆ పని నేర్పాను. ఎవరైనా నాకు దండం పెట్టబోతే, నీళ్లు కాచిన అమ్మాయినో, దీపం పట్టుకున్న ఆయానో పేరు పెట్టి పిలిచి ముందు నిలబెట్టేదాన్ని. తొంభై దాటిన ఈ వయసులోనూ ఎవరైనా నన్ను మెచ్చుకుంటే, నా పక్కన ఎవరున్నారా అని కళ్లు వెతుక్కుంటాయి.