ఆకులు తొక్కే ఫిదెన్సియో

రివర్‌సైడ్‌లో తోటపని చేసేవాళ్ళకి కొదవ లేదు గానీ, ఆకులు తొక్కడంలో ఫిదెన్సియో బర్రగాన్‌ని మించినవాడు లేడు. ఈ మాట ఊరు అన్నది కాదు, అతనే పొద్దున లేస్తూ అనుకుంటాడు. అయినా తీసిపారెయ్యడానికి లేదు. మిగతావాళ్ళు రెండు ట్రిప్పుల్లో తోలే చెత్త అతను ఒక్క ట్రిప్పులో తోలేస్తాడు. పాత ట్రక్కుకి చుట్టూ చెక్క పలకలు నిలబెట్టి గదంత ఎత్తు చేశాడు. కింద భార్య ఎర్లిందా రాలిన ఆకులూ, కోసిన గడ్డీ ఊడ్చి పట్టాలో మూటగట్టి అందిస్తుంది. ఈయన పైనుంచి లాక్కుని, గుమ్మరించి, తొక్కుతాడు.

తొక్కుడంటే అలాంటిలాంటి తొక్కుడు కాదు. రేడియోలో బాకాల పాట పెట్టుకుని, మూలల్లో మడమతో, మధ్యలో రెండు కాళ్ళతో ఎగిరి మరీ తొక్కుతాడు. భారీ మనిషి. చిన్నప్పుడు సొంతగడ్డ హలిస్కోలో అందరూ ఎగతాళి చేసిన ఆ ఒళ్ళే ఇక్కడికొచ్చాక అన్నం పెట్టింది.

"డాక్టరు బరువు తగ్గమన్నాడు, గుర్తుందా?" అంటుంది ఎర్లిందా.

"తగ్గితే రెండో ట్రిప్పు నువ్వు తోలతావా?" అంటాడు. చెప్పీ చెప్పీ విసుగెత్తిన ఆవిడ ఇంకో మూట అందిస్తుంది.

గురువారం మొదటి ఇల్లు టాలివర్‌ అమ్మగారిది. సంగీతం టీచరుగా చేసి రిటైరైన పెద్దావిడ. భర్త వాల్టర్‌ పోయాక ఆ ఇంట్లో ఆవిడా, ఓ ముసలి తాబేలూ మిగిలారు. దాని పేరు జడ్జి. ఎవరివైపు చూసినా శిక్ష వెయ్యబోతున్నట్టే ఉంటుంది దాని ముఖం. ఫిదెన్సియోకి అదంటే ముచ్చట. వేరే ఇళ్ళలో రాలిన మందారపూలు జేబులో వేసుకొచ్చి దానికి పెడతాడు. అది తింటుంది, అయినా ముఖం మాత్రం మార్చదు.

చలి మొదలయ్యాక జడ్జిగారు తిండి మానేసి ఆకుల్లో దూరతారు. అప్పుడు అమ్మగారు ఆయన్ని ఆకులు నింపిన పెట్టెలో పెట్టి గరాజులో ఉంచుతుంది. వసంతందాకా నిద్రే నిద్ర. ఆ యేడు నవంబరు నడుస్తున్నా ఎండలు తగ్గలేదు. అందుకని అమ్మగారు పెట్టె ఇంకా అటక మీంచి దించలేదు. ఫిదెన్సియో మాత్రం ఈపాటికి జడ్జిని పెట్టెలో పెట్టేసే ఉంటుందనుకున్నాడు. అడిగితే సరిపోయేది. అడగలేదు, అదీ అతను చేసిన తప్పు.

జామచెట్టు కింద ఆకుల గుట్టని ఎర్లిందా పట్టాలోకి లాగి, మూట ఎత్తి, మూలిగింది. "ఇదేంటయ్యా, ఇంత బరువుంది?"

"తడాకులే. ఇటియ్యి."

లాక్కున్నాడు, గుమ్మరించాడు, తొక్కాడు. ఆ తరవాత మరో రెండిళ్ళ గడ్డీ, గులాబీ కొమ్మలూ దాని మీద పడ్డాయి. మూడో ఇంటి ముందు లోడు పలకల అంచుకి వచ్చింది. ఇంత పొందికైన లోడు తన జన్మలో తొక్కలేదని మురిసిపోతూ ఒక కాలు ఎత్తాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"ఫిదెన్సియో, జడ్జి కనిపించడం లేదు. పొద్దున జామచెట్టు దగ్గరే ఉన్నాడు. నువ్వేమైనా చూశావా?"

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. "చూస్తానమ్మా" అని మాత్రం అనగలిగాడు.

"ఏమైంది? కొంగలా నిలబడ్డావేం?" అంది ఎర్లిందా కింద నుంచి.

"ఆ బరువు మూట తడాకులు కాదే. అందులో జడ్జిగారున్నారు."

ఎర్లిందా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక అతను దిగాలి. కాలు మోపితే బరువు, మోపకపోతే దిగేదెలా? చివరికి బోర్లా పడుకుని, ఈత కొడుతున్నట్టు పలక దాకా పాకి, దభీమని రోడ్డు మీద పడ్డాడు. నడుం పట్టేసింది. అది పట్టించుకునే తీరిక లేదు.

పళ్ళపార వాడితే ఎక్కడ గుచ్చుకుంటుందోనని చేతులతోనే తవ్వడం మొదలుపెట్టారు. తొక్కినదేమో పరుపులా బిగిసిపోయింది. పిడికెడు లాగితే పిడికెడే వస్తోంది. తన పనితనాన్ని తనే తిట్టుకున్నాడు. గులాబీ ముళ్ళు మోచేతుల దాకా గీశాయి. ఆ ఇంటాయన బయటికొచ్చి, అప్పుడే శుభ్రం చేయించుకున్న తన పచ్చిక మీదికి చెత్తంతా తిరిగొస్తుంటే గుడ్లప్పగించి చూశాడు. ఎర్లిందా సంగతి చెబితే, పాపం ఆయనా చొక్కా చేతులు మడిచి దిగాడు.

"బతికుంటే క్రిస్మస్‌ దాకా నాకిష్టమైన తమాలే కుడుములు ముట్టను" అని పైకి చూసి మొక్కుకున్నాడు ఫిదెన్సియో.

"చేసేది నేనూ, మొక్కుకునేది నువ్వూనా? ముందు తవ్వు" అంది ఎర్లిందా. కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి ఆవిడకి.

కోసిన గడ్డి పొర లోపల మాగి చేతికి వెచ్చగా తగిలింది. దాని కింద జామాకులు. ఆ ఆకుల మధ్య గట్టిగా, గుండ్రంగా ఏదో తగిలింది. ఊపిరి బిగబట్టి రెండు చేతులా పైకి తీశాడు. చిప్ప ఎక్కడా పగల్లేదు. కాళ్ళూ తలా మాత్రం లోపలే ఉన్నాయి. ముగ్గురూ రోడ్డు మీద చతికిలబడి చూస్తున్నారు. ఎంతసేపటికీ కదలదు. అప్పుడు మెల్లిగా తల బయటికొచ్చింది. అటూ ఇటూ చూసి, ఫిదెన్సియో మీద ఆగింది.

"యావజ్జీవం వేసేలా ఉన్నాడు" అంది ఎర్లిందా. ఇద్దరూ ఏడుస్తూ నవ్వారు.

తిరిగి వెళ్ళేసరికి టాలివర్‌ అమ్మగారు ఇంటిచెప్పులతోనే గేటు దగ్గర నిలబడి ఉంది. తాబేలుని అందుకుని గుండెకి హత్తుకుంది.

"ఎక్కడున్నాడు?"

"ఆకుల్లో" అన్నాడు. అబద్ధం కాదు. అక్కడితో ఆగిపోవచ్చు, ఎర్లిందా కూడా కళ్ళతో అదే చెప్పింది. కానీ ఆ ముసలావిడ వేళ్ళు చిప్పని తడుముతుంటే చూసి ఊరుకోలేకపోయాడు. నిజం చెబితే ఈ ఇంటి గడప మళ్ళీ తొక్కనివ్వదని తెలిసే చెప్పాడు.

"ఆకులతో కలిపి ట్రక్కులో వేసేశానమ్మా. పైన నిలబడి తొక్కాను. ఇంకో రెండిళ్ళ చెత్త వేసి మళ్ళీ తొక్కాను. పాట పెట్టుకుని తొక్కాను."

ఆవిడ అతన్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది. ఆ ఒళ్ళు, ఆ బూట్లు, ముళ్ళు గీసుకుపోయిన ఆ చేతులు.

"వాల్టర్‌ పోయాక ఈ ఇంట్లో నాతోపాటు ఊపిరి పీల్చేది ఇదొక్కటే. తెలుసా నీకు?"

"తెలుసమ్మా" అన్నాడు తల దించుకుని.

"ఈ యేడు పెట్టెలో నువ్వే పడుకోబెట్టు" అంది ఆవిడ. తాబేలుని అతని చేతుల్లో పెట్టింది. "పొద్దుటినుంచీ నిన్ను వాడు మోశాడు. ఇక నువ్వు వాణ్ణి మొయ్యి."

ఫిదెన్సియో జడ్జిగారిని పొట్టకి ఆనించుకుని, దారిలో రాలిన ఆకుల మీద కాలు పడకుండా పక్కపక్కనుంచి నడుస్తూ గరాజు వైపు వెళ్ళాడు.