తలుపుల జప్తు

మా మెట్‌పల్లిలో ఇంటి పన్ను కట్టకపోతే పంచాయతీవాళ్లు తలుపులు పీక్కుపోయేవారు. బిందెలైనా మంచాలైనా తీసుకుపోవచ్చు గాని, తలుపు లేని ఇంట్లో మనిషి ఒక్కరాత్రి కూడా నిద్రపోలేడు. అందుకని పొద్దుగూకేలోపు ఎక్కడో చేబదులు పుట్టించుకుని పరుగెత్తుకొస్తాడు. అట్లా తెచ్చిన తలుపులు పంచాయతీ ఆఫీసు వెనక రేకుల కింద గోడకు ఆనించి ఉండేవి. ఏ తలుపు ఎవరిదో, దాని కర్ర ఎంత చేస్తుందో నేను చూడగానే చెప్పేవాణ్ని. దుకాణాల మధ్య పెరిగినవాణ్ని. ఎదుటివాడి కష్టానికి ధర కట్టడం నాకు ఉగ్గుపాలతోనే వచ్చింది.

ఎనభైల మొదట్లో మా కిరాణా దుకాణం పక్కింట్లో ఒక పెద్దవ్వ ఉండేది. మాకు చుట్టం కాదు, బజారంతా ఆమెను అట్లాగే పిలిచేది. భర్త పోయి చాలాకాలం, పిల్లలు లేరు. అరుగు మీద పొయ్యి పెట్టి, మంగలంలో ఇసుక కాచి, ఆ ఇసుకలో పల్లీలు, జొన్నపేలాలు వేయించి అమ్మేది. డెబ్బై దాటాక చేతులు వణకడం మొదలై, అమ్మకం పడిపోయింది. ఇల్లు మాత్రం సొంతం. రోడ్డు మీది గూనపెంకల ఇల్లు. దుకాణం పెంచాలని నాకు దాని మీద కన్ను. ఏడాదికి రెండుసార్లు అడిగేవాణ్ని. ఆమె గుప్పెడు పల్లీలు నా చేతిలో పోసి పంపించేది.

ఆమె పన్ను ఐదేళ్లది నిలిచిపోయింది. పంచాయతీలో పన్నులు వసూలు చేసి లెక్కలు రాసే మనిషిని మా దిక్కు కారోబార్ అంటారు. అతను ఎప్పుడొచ్చినా పెద్దవ్వది ఒకే మాట.

"నేను సచ్చెదాక అడుగకుండ్రి. సచ్చినంక ఇల్లు అమ్ముకొని మిత్తితోని పట్టుకోండ్రి."

ఆ మాటకు బజారంతా నవ్వేది. అందరికంటే గట్టిగా నేను నవ్వేవాణ్ని. చచ్చాక వడ్డీతో ఇస్తానంటే అరువు పెట్టే దుకాణం నేనెక్కడా చూడలేదు మరి.

ఒక చలికాలం పొద్దున కారోబార్ ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఒకడి చేతిలో గడ్డపార, ఇంకొకడి చేతిలో గొడ్డలి. పెద్దవ్వ అప్పుడే మంగలం పొయ్యి మీద పెట్టింది. వాళ్లను చూసి నన్ను పిలిచింది.

"కొడుకా, బేరం నువ్వు బాగ చేస్తవంటరు గద. గీళ్లతోని జర మాట్లాడు."

పొంగిపోయి దుకాణం దిగాను. ఒక ఏడాదిది ఇప్పుడు కడుతుంది, మిగతాది పంట చేతికొచ్చి బజారు కళకళలాడినప్పుడు అన్నాను. కారోబార్ ఒప్పుకోలేదు. ఐదేళ్లదీ ఇప్పుడే, లేదంటే తలుపులు. నేను ఇంకో అర ఏడాది కలిపాను. అతను కదల్లేదు. అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య ప్రయోగించాను. "అట్లయితే నీ ఇష్టం" అని వెనక్కి తిరిగి నడిచాను.

బజారులో పుట్టినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. బేరం తెగనప్పుడు లేచిపోవాలి. మెల్లగా పోవాలి, వెనక్కి చూడొద్దు. ఐదో అడుగుకు అమ్మేవాడు పిలుస్తాడు. ఎడ్లు, గడియారాలు, నా పెళ్లి బట్టలు అన్నీ నేను ఐదో అడుగు దగ్గరే కొన్నాను. ఆ రోజు కూడా లెక్కపెట్టాను. నాలుగు. ఐదు. ఆరు. ఎనిమిదో అడుగుకు వెనక నుంచి గొడ్డలి దెబ్బ వినబడింది.

కారోబార్ దగ్గర నాకు అమ్మడానికి ఏమీ లేదని, అతను వెనక్కి పిలవడని అప్పుడు తట్టింది. ఇంకో మాట కూడా దాచుకోవద్దు. తలుపులు పోతే ఇల్లు చౌకగా వస్తుందన్న ఆలోచన ఆ ఎనిమిది అడుగుల్లో ఎక్కడో ఉంది.

తిరిగి చూసేసరికి ఒక తలుపు రెక్క నడుమ చీలిపోయింది. రెండో రెక్కకు వీపు ఆనించి పెద్దవ్వ నిలబడింది. గడ్డపార బందు కిందికి దూరింది, చౌకట్టు పగిలి మట్టి రాలింది. కారోబార్ ఆమె కొప్పు పట్టి గుంజి అరుగు మీదికి విసిరాడు. పొయ్యి పక్కన పడ్డది. పడ్డ చోటనే లేచి, కొంగుతో మంగలం రెండు అంచులూ పట్టుకుని, కాగుతున్న ఇసుక మొత్తం అతని ముఖాన పోసింది. పల్లీల పొట్లం కట్టడానికి వణికే ఆ చేతులు అప్పుడు వణకలేదు.

అతను రెండు చేతులతో ముఖం గీరుకుంటూ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఇసుకతో పాటు తోలు చేతికి వచ్చింది. గడ్డపారవాడు పెద్దవ్వను డొక్కలో తన్నాడు. ఇంకోసారి తన్నాడు. నేను దుకాణంలోకి ఉరికి రెండు కిలోల తూకపు రాయి అందుకుని వాడి భుజం మీద కొట్టాను. అప్పటివరకు మనిషిని కొట్టి ఎరగను, తలకు గురిపెడితే భుజానికి తగిలింది. మరుక్షణం గొడ్డలి పిడి నా ఎడమ చెవి మీద పడింది. మెడ మీదికి వెచ్చగా రక్తం కారింది. గొడ్డలివాడు నన్ను కింద పడేసి ముఖం మీద గుద్దుతుంటే, ఒక్క బందు మీద వేలాడుతున్న టేకు రెక్క ఊడి పెద్దవ్వ చేతి మీద పడింది. పల్లికాయ చిట్లినట్టు వినబడింది.

దాంతో అందరూ ఆగిపోయారు. రెక్క ఎత్తడానికి ఎవరో వంగారు.

"ఎత్తకుండ్రి" అంది ఆమె, దాని కింద నుంచే. "నా మీదనే ఉండనీయుండ్రి. ఎట్ల తీస్కపోతరో నేను చూస్త."

మరునాడు పంచాయతీ ఆఫీసుకు పోయాను. కారోబార్ ముఖమంతా బొబ్బలు, పోలీసు కేసు పెడతానంటున్నాడు. జప్తు చేసే ముందు సామాను వివరం కాగితం మీద రాసి ఇద్దరు సాక్షులతో సంతకం తీసుకోవాలి కదా, ఆ కాగితం చూపించమన్నాను. కాగితం లేదు. సర్పంచ్ వారం తర్వాత మాట్లాడదాం పొమ్మన్నాడు. నేను బల్ల మీద కూర్చునే ఉన్నాను. అంగీ మీది రక్తం కూడా మార్చుకోలేదు. మధ్యాహ్నం దాటింది.

"లే సేటు, పోయి దుకాణం తెర్వు" అన్నాడు సర్పంచ్.

"లేవ. నిన్న లేచిపోయిన. గందుకే గామె చెయ్యి ఇరిగింది."

సాయంత్రానికి వాళ్లు విసిగి రాశారు. రాసింది అక్షరాలా పెద్దవ్వ ఎప్పుడూ చెప్పే మాటే. ఆమె బతికున్నంతకాలం పన్ను అడగరు. తర్వాత ఇల్లు కొన్నవాడు ముందు ఆ బాకీ కట్టాలి. రెండు దిక్కులా కేసులు లేవు. పెద్దవ్వను పిలిపించారు. వెదురు బద్దలు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని, వేలిముద్ర వేసే ముందు ఆగింది.

"ఇంకొక్క మాట రాయుండ్రి. నేను సచ్చినంక ఇల్లు ఎవ్వలకన్న అమ్ముకోండ్రి. గీ సేటుకు మాత్రం వద్దు."

అందరూ నా దిక్కు చూశారు. ఆమె కూడా చూసింది. కోపం లేదు ముఖంలో.

"నువ్వు నడిసిపోవుడు చూసిన, కొడుకా. ఒక్కసారన్న ఎనుకకు తిరుగలే."

కారోబార్ నవ్వబోతే పెదవి మీది బొబ్బ పగిలి గడ్డం మీదికి రక్తం కారింది. ఆ మాట కిందనే సాక్షిగా నాతో సంతకం పెట్టించారు.

విరిగిన రెక్కలు పనికిరాలేదు. రాత్రి దుకాణం మూయడానికి నిలబెట్టే పలకల్లోంచి నాలుగు తెచ్చి వడ్లాయనతో ఆమెకు తలుపు చేయించాను. ఆయన కూలి దగ్గర ఆమె నాకంటే బాగా బేరమాడింది. ఆ తలుపు వేసుకుని ఏడేళ్లు నిద్రపోయింది. విరిగిన చేయి వంకరగానే అతుక్కుంది, ఎడమ చేత్తో పల్లీలు వేయించేది. నాకు మాత్రం పల్లీలు ఊరికే ఇవ్వడం మానేసింది.

ఆమె పోయాక ఇల్లు ఒక బట్టల వ్యాపారి కొన్నాడు. ముందు పంచాయతీ బాకీ కట్టి, తర్వాత ఇనుప షట్టర్ పెట్టించాడు. పాత తలుపు అమ్ముతాడని విని పోయి అతని ముందు కూర్చున్నాను. నా పలకలకే ధర చెప్పాడు, అదీ చాలా ఎక్కువ. వినబడే కుడి చెవి అతని దిక్కు తిప్పి ఇంకోసారి చెప్పించుకున్నాను. లేచిపోతే సగానికి దిగుతాడని తెలుసు.

లేవలేదు. అడిగినంత ఇచ్చి తెచ్చుకున్నాను.